మా దుకాణంల గూడ వాన పడ్డది

వరంగల్, కొత్తవాడ
శుక్రవారం, జుమ్మా నమాజ్ చదివొచ్చినంక

డోర్నకల్‌ల ఉన్న అక్క ఇమాంబీకి తమ్ముడు సైదులు సలాం చెప్పి రాస్తాన.

అక్కా, నేను ఈడ మంచిగనే ఉన్న. పానం బాగనే ఉన్నది. పొద్దుగాల తింటాన, పగటీలి తింటాన, రాత్రి తినబుద్ది కాకున్నా తింటాన. తినలేదని తెలిస్తె నువ్వు ఫోన్ల తిట్టుడు మొదలు పెడ్తవని బుగులు. నీ నడుము నొప్పి ఎట్లున్నది? దవాఖానల ఇచ్చిన గోలీలు మింగుతానవా, లేకపోతె అల్మారల దాసిపెట్టి నాకు మింగుతాన అని చెప్తానవా? మేక ఈనిందా? ఖమ్మంల మన షాహిన్, అల్లుడు, పిల్లలు మంచిగున్నరా? పక్కింటి లచ్చక్క ఇంకా మన గోరింటాకు చెట్టు కొమ్మలు ఇరుస్తాందా? ఇరిస్తె ఇర్వనియ్యి, లొల్లి పెట్టుకోకు.

ఫోనుండంగ ఉత్తరమేందిరా అని నువ్వు గులుగుతవ్, నాకు తెలుసు. ఫోన్ల నేను నిజం చెప్తె నువ్వు నవ్వుతవ్, నేను నవ్వులాటకు ఏమన్న అంటె నువ్వు ఏడుస్తవ్. నా నోరే గసొంటిది, ఏం జేద్దాం. కాయితం మీదయితె నువ్వు చదువుకుంట నా మొఖం సూడవు కాబట్టి నమ్ముతవని రాస్తాన. ఐదో తరగతిల బడి ఎగ్గొట్టినోని రాతలు ఎట్లుంటయో గట్లనే ఉంటయ్. నాకు అక్షరాలు నేర్పింది నువ్వేనాయె, తప్పులుంటె తప్పు నీదే.

ఇంకో సంగతి. బావ వరంగల్ల పనుంది అని చెప్పి నిన్న పొద్దుగాల ఇంట్లకెల్లి ఎల్లిండు గదా. ఏం పనో నీకు చెప్పి ఉండడు. ఆ పని నేనే అక్కా. నిన్నటి సంది నీ మొగడు నా దుకాణంలనే ఉన్నడు. ఇప్పుడు జంపఖానాల కుప్ప మీద పండుకొని గురక పెడ్తాండు. ఆయన లేసేలోపల ఈ ఉత్తరం ఒడగొట్టాలె. పొద్దుమీకి ప్యాసింజర్‌కు ఎక్కుతడు.

ముందుగాల నా ముచ్చట చెప్త. అన్నీ ఒక్కసారే చెప్తె నువ్వు ఆగమైతవ్.

నేను డోర్నకల్ ఇడిసి ఈడికొచ్చినప్పుడు నీకు యాదికుండే ఉంటది, సంచిల నాలుగు అంగీలు, నువ్వు కట్టిచ్చిన రొట్టెలు, నాయిన కత్తెర. మనూర్ల పరుపు కుట్టిచ్చుకునేటోళ్ళు లేకుంటైరి. అందరికి స్పాంజీ పరుపులు కావాలాయె. మీ మరదలు పోయినంక ఇంట్ల గూడ ఎవ్వలు లేరు, నీ ఇంట్ల తిని నీ గడపల పండుడు ఎన్నేండ్లు అని ఎల్లిన. ఈడ దుకాణం చిన్నగనే ఉంటది, ముందట రెండు బారల జాగ, ఎనకకు ఒక అర్ర, మీద ఒక రేకుల గది. ముందట జంపఖానాలు పెట్టి అమ్ముత, ఎనక పరుపులు, తల కింది మెత్తలు కుడ్త. సుట్టుపక్కల ఇండ్లల్ల మగ్గాలు ఆడుతనే ఉంటయ్. పగలంత ఆ సప్పుడు. పొద్దుగూకినంక మగ్గాలు బందయితయ్ సూడు, అప్పుడు నాకు చెవులల్ల ఏమో ఖాళీ అయినట్టుంటది. మనింట్ల అయితె రైళ్ళు పోతనే ఉండేటియి. ఈడికొచ్చిన కొత్తల రైలు సప్పుడు లేక నిద్ర రాలే అక్కా. ఎవ్వలకన్న చెప్తె నవ్వుతరు.

తిండి సంగతంటవా, పక్కన సాంబయ్య అన్న ఉంటడు. ముసలాయన, జంపఖానాలు నేస్తడు, నాకు సరుకిచ్చేది ఆయననే. వాళ్ళింట్ల నుంచి అప్పుడప్పుడు కూర గిన్నె వస్తది. మిగతా దినాలు నేను వండుకున్నదే తింట. నేను వండిన పప్పు చూసి సాంబయ్య అన్న, ఇది గోడకేసే సున్నమా తినేదా అని అడిగిండు. రెండిటికీ పనికొస్తది అన్న.

ఆయనకు మన షరీకు ముచ్చట చెప్పిన్నాడు నోరు తెర్సిండు. మీ అక్క పైసలిచ్చి మిత్తి తీసుకోదా, మిత్తి లేకుంట పైసలు ఎవలన్న ఇస్తరా అన్నడు. లాభమొస్తె సగం ఆమెకు సగం నాకు, నష్టమొస్తె ఆమె పైస పోతది నా కష్టం పోతది, గంతే అన్న. ఆయన, నాకు సుత గసొంటి అక్కను ఒకామెను సూడు సైదులు అన్నడు. లేదన్నా, ఉన్నది ఒక్కతే, మాకే సాల్తలేదు అన్న.

అక్కా, ఆ షరీకు మాట అయిన దినం నీకు మంచిగ యాదుంటది. బావ రిటైరైనప్పుడు వచ్చిన పైసల్ల నీ వంతు అని నీ చేతిల పెట్టిండు, నీ ఇష్టం అన్నడు. ఆయన ఆ పైసలు వచ్చినకాడికెల్లి ఎంత పరేషాన్ అయిండో మనం సూసినం గదా. బ్యాంకుల డిపాజిట్ చెయ్యమంటె మిత్తి హరాం, వద్దన్నడు. బజార్ల సేటు నెలకింత మిత్తిస్త అంటె దండం పెట్టి పంపిండు. ఎవలో వైన్ షాపు టెండర్ల షరీకు కలుపుకుంట అంటె రెండు దినాలు అన్నం సక్కగ తినలే. అల్లుడు ఫోన్ల ఏదో సూపిచ్చి, మామా ఇది హలాల్ ఫండు, సారా కంపెనీలల్ల మిత్తి కంపెనీలల్ల పెట్టరు అని మంచిగనే చెప్పిండు. బావ ఏమన్నడు? పిలగాడు చెప్పింది తప్పు గాదు, గని నేను పోయి నిలబడి సూడనికి ఆ దుకాణం ఏడున్నదో తెల్వది అన్నడు. పింఛన్ ఖాతల బ్యాంకోళ్ళు ఏసిన మిత్తి గూడ ఆయన ఇంట్లకు రానియ్యడాయె, ఏడాదికోసారి లెక్కగట్టి తీసి బస్టాండు బాత్రూంకు బకెట్లు, మగ్గులు కొనిస్తడు. అది సూసి నేను, బావా నీ మిత్తితోని ఊరంత శుద్ది అయితాంది అని ఎక్కిరిచ్చిన.

అప్పుడు నువ్వే అన్నవ్, మా తమ్ముడు యాపారం పెడ్త అంటాండు, వాని కష్టం నా పైస అని. మసీదు హజ్రత్‌ను పిలిపిచ్చినం. నీ ముందటర్రల సాప మీద కూసొని ఆయన చెప్పిండు. ముందుగాల ఇంతిస్త అని మాట ఇయ్యొద్దు, వచ్చినంతల వాట అనుకోవాలె, నష్టమొస్తె ఎవల వంతు వాళ్ళు మొయ్యాలె, సరుకు గుణం దాసొద్దు. నేను అన్నిటికి తలకాయ ఊపిన. చాయ తాగి బిస్కెట్లు తిని లేసినం. ఈ పైసతోని వచ్చే సలికాలం మీ బావ, నేను మక్కాకు ఉమ్రా పోతం అని నువ్వు ఆ దినమే లచ్చక్కకు చెప్పినవ్. ఆమె నడివాడకంతా చెప్పింది.

ఎండకాలం గిరాకి మస్తు నడిసింది అక్కా, అది అబద్దం గాదు. పెండ్లిండ్లు, ఫంక్షన్లు. జంపఖానాలు ఇట్ల వస్తె అట్ల పోయినయ్. నీ సగం నీకు పంపిన. నువ్వు ఫోన్ చేసి, సైదులూ చేపలు తెచ్చిన, నూనె డబ్బ తెచ్చిన, ఉమ్రాకని కొంత దాసిపెట్టిన అని చెప్పుకుంట చెప్పుకుంట నవ్వినవ్. ఆ నవ్వు నాకు మస్తు రోజులు చెవులల్ల మోగింది. బావ రిటైరైనంక నువ్వు గట్ల నవ్వుడు నేను ఇనలే.

ఇగ వానకాలమొచ్చింది. ఇప్పుడు చెప్పేది జర నిమ్మలంగ చదువు. నీళ్ళు తాగి చదువు.

ఒక దినం తెల్లారేసరికి మా గల్లి వాగైంది. నేను మీద గదిల పండుకున్న. లేసి మెట్లు దిగుదామని కాలు పెడితె నీళ్ళల్ల పడ్డది. దుకాణంల మోకాలు దాటి నీళ్ళు. కింద పెట్టిన జంపఖానాలన్ని మునిగినయ్. ఎనక అర్రల దూది బస్తాలు ఉబ్బి గున్న ఏనుగుల లెక్క కూసున్నయ్. సాంబయ్య అన్న, నేను, గల్లి పోరగాండ్లు పగలంత మోసి మీద గదిల, సడక్ మీది కమ్ములకు ఆరేసినం. ఎండ లేకపాయె. ఎరుపు రంగు తెలుపు మీదికి పారింది. దూది వాసనొచ్చింది. మునిగిన సరుకుల కొంత అగ్గువకు పోయింది, కొంత పనికి రాకుంట పోయింది. నీ పైసల మూడొంతులల్ల ఒక వంతు నీళ్ళల్ల కలిసింది అక్కా.

ఆ నెల నీకు పంపనీకి ఏం లేదు. ఏం లేదని చెప్పాల్నంటె నోరు రాలే. నువ్వు చేపల ముచ్చట చెప్పిన గొంతు యాదికొచ్చింది. పొద్దుగాల చీకటితోని లేసి పత్తి మార్కెట్ల హమాలీలతోని కలిసి బస్తాలు మోసిన. ఆ కూలి పైసలు, ఎండకాలం ఎంత పంపిన్నో గంతే చేసి, లాభమొచ్చిందక్కా అని పంపిన. మల్ల నెల గూడ గంతే. ఇట్ల వానకాలమంత. నాకేమనిపిచ్చిందంటె, ఎండలొచ్చినంక మల్ల గిరాకి అయితది, లోటు పూడ్తది, నీకు తెల్వకుంటనే అయిపోతది అని. నేను పెద్ద ఉషారున్న అనుకున్న.

గని నీ మొగడు జిందగంత రైలు పట్టాల మీద నడిసినోడు. ఒక నట్టు వదులైతె చెవితోని కనిపెట్టెటోడు.

నువ్వు ఫోన్ చేసి ఏడ్చిన దినం నాకు మర్సిపోవుడు కాదు. మీ బావ నా పొయ్యి మీది వంట తింటలేడురా, వాకిట్ల మూడు రాళ్ళు పెట్టుకొని పింఛన్ బియ్యంతోని యేరుగ వండుకుంటాండు, నువ్వు తిను నీ మీద పాపం లేదు, సైదులు పంపే పైసకు నాకే మనసు ఒప్పుతలేదు అంటాండు, ఆ పైసతోని ఉమ్రాకు అడుగు పెట్ట అన్నడు అని చెప్పినవ్. నేనేమన్న? బావకు ఈ వయసుల వంట నేర్పిన పుణ్యం నాదే అన్న. నువ్వు ఏడ్సుకుంటనే నవ్వినవ్. ఫోన్ పెట్టినంక నేను దుకాణం మూసి కూసున్న. ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలు ముట్టియ్యవడితిని గదా అని.

మల్ల నిన్న పొద్దుగాల. దుకాణం తెరిసి ఊడుస్తాన. సడక్ అవుతల చాయ డబ్బా కాడ నల్ల ఛత్రి పట్టుకొని ఒకడు నిలబడ్డడు. వాన లేదు, ఎండ ఇంకా ఎక్కలే, ఛత్రి ఎందుకురా వీనికి అనుకున్న. ఎంతసేపయినా కదుల్తలేడు, దుకాణం దిక్కే సూస్తాండు. గిరాకి అనుకొని, రాండ్రి సేట్ రాండ్రి అని పిలిసిన. ఛత్రి మడిసి సడక్ దాటిండు. సూస్తె బావ.

సలాం చెప్పిండు. కూసోలే. సుట్టు సూసి, సైదులూ, ఇది నిజంగ నీ దుకాణమేనా అని అడిగిండు. కాదు బావా, నీకు సూపిద్దామని సినిమోళ్ళ కాడ కిరాయికి తెచ్చిన అన్న. నవ్వలే. ఆయన నవ్వితె కదా. అప్పుడు ఆ మాట అడిగిండు అక్కా, నేను సచ్చేదాక మర్సిపోను.

"ఎండకాలం ఎంత పంపినవో వానకాలం గంతే పంపినవ్. నీ దుకాణంల వాన పడదారా?"

నేను ఒక నవ్వులాట చెప్పిన. ఇంకోటి చెప్పిన. ఆయన నిలబడే ఉన్నడు. చెప్పు, మీ అక్క పైసలు ఏ సేటు కాడ మిత్తికి పెట్టినవ్ అన్నడు. నెలనెలా ఒక్క తీరు వచ్చేది మిత్తే ఉంటది, యాపారం కాదు అన్నడు. అప్పుడు నా నోట్లకెల్లి నిజం ఎల్లింది. మిత్తి లేదు బావా, నష్టమొచ్చింది, మునిగినం అన్న. ఆయన నా మొఖం దిక్కు సూసి తలకాయ ఆడిచ్చిండు. నువ్వు ఏడ్చి చెప్పినా నేను నమ్మ, నా పెండ్లినాటి సంది సూస్తాన నిన్ను అన్నడు.

ఆయనది తప్పంటవా? మీ పెండ్లికి నేను కుట్టిన మెత్తల పత్తిగింజలు పోసింది నేనేనాయె. పెండ్లినాడు రాత్రంత కొత్త పెండ్లికొడుకు మెత్త ఇటు తిప్పి అటు తిప్పి సచ్చిండు, తెల్లారి నాయిన నన్ను దూది ఏకే విల్లు దీసుకొని ఊరంత ఉరికిచ్చిండు. గసొంటోడు నష్టమొచ్చింది అంటె ఎవలు నమ్ముతరు.

ఇగ చెయ్యి పట్టి ఎనక అర్రలకు తీస్కపోయిన. ఆడ ఇంకా కొన్ని ఖరాబు జంపఖానాలు కుప్ప పోసి ఉన్నయ్, వాసన ముక్కుకొట్టింది. వాటిని గూడ బావ సూడలే. గోడను సూసిండు. గోడకు నీళ్ళ గీత ఉన్నది, సున్నం ఆడిదాక రాలిపోయింది. ఆయన వంగి ఆ గీత మీద వేలు పెట్టి పొడుగుత నడిసిండు, ఈ మూల నుంచి ఆ మూల దాక. వానకాలాలల్ల బ్రిడ్జి కింద నీళ్ళ గీత సూడనికి రాత్రుళ్ళు లాంతరు పట్టుకొని పోయేటోడు గదా, ఆ సూపు. జానెడు మీద జానెడు నిలిసినయ్ నీళ్ళు అన్నడు. ఎన్ని జానలని నేను అడగలే, ఆయనకే తెలుసు. మల్ల ఒక బస్త ఇప్పి దూది పిడికిట్ల పట్టి వాసన సూసిండు.

అక్కా, అప్పుడు నీ మొగడు ఆ కుప్ప మీదనే కూసొని అల్‌హందులిల్లా అన్నడు. రెండు చేతులు మొఖానికి తుడుసుకున్నడు. నేను బుగులు పడ్డ, ముసలోనికి ఏమన్న అయిందా అని. సాంబయ్య అన్న గడపల నిలబడి సూస్తాండు. పైసలు పోతె ఖుషీ అయ్యేటోడు ఎవరయ్యా ఈ మనిషి అన్నడు. మా బావ అన్న.

అవును అక్కా, ఆయన మొఖం వెలిగింది. నష్టమొచ్చిందని తెల్సినంకనే ఆయనకు మన పైస నమ్మబుద్దయింది. యాపారంల పెట్టినం కాబట్టే పోయింది, సేటు కాడ పెడితె పోకుండె అని. జరసేపైనంక, అన్నం ఉన్నదారా అని అడిగిండు. ఉన్నదేమో నేను వండిన ఆ సున్నం పప్పే. పెట్టిన. తిన్నడు. మల్ల పెట్టమన్నడు. గిన్నె నాకిండు. ఎన్ని దినాల ఆకలో నాకు అప్పుడు తెల్సింది. తినుకుంట తల ఎత్తకుంట, మీ అక్క చేతి పచ్చిపులుసు తిని మస్తు దినాలైందిరా సైదులు, ఈ మాట దానికి చెప్పకు అన్నడు. చెప్తాన సూడు. చెప్పకు అన్నందుకే చెప్తాన.

తిన్నంక నా మీద పడ్డడు. బస్తాలు మోసిన ముచ్చట చెప్పిన, అయినా ఇడ్వలే. అక్కకు పెట్టుడు తప్పా బావా అన్న. ఆయన చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తాన.

"ముందుగాల కానుక అని చెప్పి పెడితె అది కానుక. లాభమని చెప్పి పెడితె అబద్దం. నీ కష్టం పోయింది, మీ అక్క పైస పోయింది, ఇద్దరు బరాబర్ ఉన్నరు. దాని నష్టం సుత నువ్వే ఎత్తుకుంటివంటె దాన్ని షరీకుల కెల్లి అవుతలికి నూకినట్టేరా."

అక్కా, నేను నిన్ను కాపాడుతాన అనుకున్న, నిన్ను అవుతలికి నూకిన్నా? నాయిన పోయిన దినం మనిద్దరమే ఒక్క చాయ పంచుకొని తాగినం, యాదున్నదా. ఎండకాలం చేపల ముచ్చట చెప్పుకునే హక్కు నీకుంటె వానకాలం నీళ్ళు నాతోని మోసే హక్కు గూడ నీకున్నది గదా. ఇది నాకు ముసలోడు చెప్పేదాంక తెల్వలే.

ఈ సంగతి దానికి నువ్వే చెప్పాలె, నేను చెప్ప అని బావ అన్నడు. అందుకే ఈ ఉత్తరం.

ఇగ చెప్తాన. ఈ సలికాలం ఉమ్రాకు పోవుడు కాదు అక్కా. నువ్వు తెల్ల బట్ట కొన్నవని, పాస్‌పోర్టు ఫోటోకు పోయి కండ్లు మూసుకున్నవని నాకు తెలుసు. లచ్చక్కకు ఏం చెప్పాల్నో అని నువ్వు తలకాయ పట్టుకుంటవ్. చెప్పు, మా తమ్ముని దుకాణంల వాన పడ్డది అని. ఉన్న రెండొంతులు ఉన్నయ్, దుకాణం నడుస్తాంది, మొన్నటి సంది ఎండ కొడ్తాంది. లగ్గాలు మొదలైతె వచ్చినంత వస్తది, వస్తె వచ్చిందని చెప్త, రాకపోతె రాలేదని చెప్త. నువ్వు వద్దు, నా పైసలు నాకియ్యి అంటె గూడ ఇస్త, ఉన్నది ఉన్నట్టు. నీ ఇష్టం. నేను ఎత్తుకొని ఉరికేది లేదు, నాకు మోకాళ్ళు నొస్తానయ్. గని ఒక్కటి ఇను, నేను అడగకుంటనే బావ అన్నడు, ఈ ఏడు కాకపోతె మల్ల ఏడు, ఈ పైసతోనే పోతం, మీ అక్కతోని నేను గూడ పోత అని. పోను అన్న మనిషి పోత అన్నడు. ఇది నవ్వులాట కాదు అక్కా. నమ్ము.

నిన్న పగటీలి సంది ఊకె కూసోలే మీ ఆయన. అంగీ చేతులు మడిసి బోరు కాడ కూసొని ఖరాబు జంపఖానాలను ఉప్పు నీళ్ళల్ల పెట్టి రుద్దిండు. నేను వద్దు వద్దు అంటనే ఉన్న. ఎరుపు పూర్తిగ పోలే గని వాసన పోయింది. ఇయ్యాల పొద్దుగాల టెంట్ హౌజ్ ఆయనొకడు వచ్చి రేటు అడిగిండు. నేను చెప్పేలోపలనే బావ, ఇవి నీళ్ళల్ల మునిగినయ్, ఇగో ఈడ ఎరుపు అంటింది, ఈడ దారం వదులైంది, సూస్కొని తీస్కో అని అన్ని తిప్పి తిప్పి సూపిచ్చిండు. నేను తల గోడకేసి కొట్టుకున్న. టెంట్ హౌజ్ ఆయన నవ్వి, కింద ఏసి మీద మంచియి ఏస్తం తీయ్ అని కొన్ని తీస్కపోయిండు. అగ్గువకే పోయినయ్. అయినా పొయ్యిల పెట్టేటియి అవి. సాంబయ్య అన్న సూసి, మీ బావ పది దినాలుంటె దుకాణం మూస్తవ్ గని పేరు మాత్రం మస్తు వస్తది అన్నడు.

అక్కా, నీకోసం ఒక పరుపు కుట్టిన. ఆ మునిగిన దూది కాదు, కొత్త దూది, నా కూలి పైసలతోని కొన్నది. నడుము కాడ జర గట్టిగ నింపిన. కిందికి పల్చగ, తలకాడ మెత్తగ. నాయిన కుట్టినట్టే మూలలకు నాలుగు టాకాలేసిన. బావను అడిగే చేసిన, ఇది షరీకుల లెక్క కాదు, లాభం కాదు, తమ్ముడు అక్కకు ఇచ్చే కానుక, నడుస్తదా అని. ముందుగాల చెప్పినవ్ కాబట్టి నడుస్తది అన్నడు. పొద్దుమీకి రైల్ల ఆయననే మోసుకస్తడు. డోర్నకల్ స్టేషన్ల పరుపు నెత్తిన పెట్టుకొని ఛత్రి సంకల పెట్టుకొని దిగుతడు, ప్లాట్‌ఫారం మీద ఆయన జమానా నౌకరోళ్ళందరు సూస్తరు. నేను లేను గని సూసినోళ్ళను అడిగి నువ్వు నాకు చెప్పు.

ఒక చిన్న పని చెప్త. నాయిన దూది ఏకిన విల్లు మనింట్ల అటక మీదున్నది గదా, దుమ్ము దులిపి ఎవలతోనన్న పంపు. మిషన్ ఉండంగ అదెందుకంటవ్. పనికి కాదు. దుకాణంల గోడకు తగిలిస్త, ఆ నీళ్ళ గీత మీద. దాంతోటి మామిడి తొక్కు గూడ పంపు. సాంబయ్య అన్నకు మాటిచ్చిన, మా అక్క తొక్కు తింటె నీ మగ్గం మర్సిపోతవ్ అని. పరువు తియ్యకు.

హజ్రత్‌కు నా సలాం చెప్పు, వానకాలం ముచ్చట గూడ నువ్వే చెప్పు, ఆయన ముందట నాకు మొఖం లేదు. షాహిన్‌కు, అల్లునికి సలాం, పిల్లలకు ముద్దులు. లచ్చక్కను అడిగిన అని చెప్పు. ఫికర్ చెయ్యకు అక్కా, నేను ఈడ మంచిగనే ఉన్న. తింటాన, పంటాన, ఎండ కొడ్తాంది. నువ్వు పెద్దదానివి, నన్ను తిట్టినా సరే, తిట్టి అటెనక దువా చెయ్యి.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎట్ల పంపాల్నా అని సూస్తాన. బావ చేతికిస్తె రైల్ల అద్దాలు పెట్టుకొని చదువుతడు. పచ్చిపులుసు మాట సూస్తె అక్కడనే దిగి ఎన్కకొచ్చి నన్ను కొడ్తడు. అందుకే పరుపుతోని పంపే కొత్త మెత్తల పెట్టి కుట్టేస్తాన. తలకాడ కుడి మూలకు ఎర్ర దారం ఏస్త, ఆడ ఇప్పు అని రైలు ఎల్లినంక నీకు ఫోన్ చేస్త. ఎల్లేముందు మెత్తను తప్పకుండ ఒత్తి సూస్తడు, పెండ్లి గింజలు యాదికొచ్చి. సప్పుడొస్తె కొత్త దూది బావా గట్లనే అంటది అని చెప్త. మల్ల రైల్ల దాని మీదనే తల పెట్టి పంటడు. డోర్నకల్ వచ్చేదాంక తన ముచ్చట తన తల కిందనే ఉంటది, ఎరుకుండదు.

ఇది చదివినంక వాకిట్ల ఉన్న మూడు రాళ్ళు తీసెయ్యి అక్కా. లోపలి పొయ్యి ఒక్కటే ముట్టియ్యి. చింతపండు నానబెట్టు.

నీ దువా కోరే తమ్ముడు, నీ షరీకు,
సైదులు